మొజాంబిక్ కంది, జనగామ ధర

2016 జులై 7న మొజాంబిక్ రాజధాని మపూటోలో రెండు ప్రభుత్వాలు పప్పుధాన్యాల ఒప్పందం మీద సంతకాలు పెట్టాయి. మొదటి ఏడు లక్ష టన్నుల కంది, ఇతర పప్పులు కొంటామని, ఏటా కొంత పెంచుకుంటూ 2020-21 నాటికి రెండు లక్షల టన్నులకు చేరుస్తామని మన దేశం మాటిచ్చింది. అంతకు ముందటేడే మన దుకాణాల్లో కందిపప్పు కిలో రెండు వందలకు ఎగబాకింది. ఢిల్లీకి పప్పు దొరికే చోటు కావాలి, మొజాంబిక్ రైతుకు కొనేవాడు కావాలి. ఆ సంతకాలైన మూడు నెలలకు, అక్టోబరు 11న, దసరా నాడు, పాత వరంగల్ జిల్లాలోంచి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు పుట్టాయి. ఈ రెండు సంగతులనూ అప్పట్లో ఎవరూ పక్కపక్కన పెట్టి చూసి ఉండరు. కొత్త జిల్లాల రైతులు తొలి కంది పంటను యార్డుకు తెచ్చినప్పుడు అవి ఎదురుపడ్డాయి.

ఆ ఏడు వానలు బాగున్నాయి. నిరుటి ధర చూసి దేశమంతా కంది వేసింది. 2015-16లో సుమారు 25.6 లక్షల టన్నులున్న దేశపు దిగుబడి 2016-17లో 48.7 లక్షల టన్నులైంది. బోనస్ కలిపి క్వింటాలుకు 5,050 రూపాయల మద్దతు ధర ప్రకటించారు గానీ వ్యాపారి ఇచ్చింది దానికి దిగువే. సర్కారు కొనుగోలు కేంద్రాల ముందు బస్తాలు బారులు తీరాయి. ధర పడింది ఆఫ్రికా సరుకు వల్లేనంటే అన్యాయం. లెక్క చూస్తే ఇంట్లో పండిందే ఎక్కువ. కాకపోతే ఆఫ్రికా కంది వచ్చే కాలాన్ని గమనించాలి. తూర్పు ఆఫ్రికాలో కంది కోతలు మన వానాకాలం చివర్లో సాగుతాయి. ఆ ఓడలు మన రేవులకు చేరేసరికి ఇక్కడి చేలల్లో కంది ఇంకా పూత మీదో పిందె మీదో ఉంటుంది. డిసెంబరు, జనవరిలో మన పంట యార్డుకొచ్చే నాటికి మిల్లు గోదాములో సరుకు ఉండనే ఉంటుంది. బేరంలో తొందర మిల్లరుకు లేదు, అప్పు తీర్చాల్సిన రైతుకే ఉంది.

ధర పడ్డాక కేంద్రం మేల్కొంది. 2017 ఆగస్టు 5న కంది దిగుమతికి ఏడాదికి రెండు లక్షల టన్నుల హద్దు గీసింది. మొజాంబిక్ ఒప్పందపు సరుకుకు మినహాయింపు ఇచ్చినా ఫలితం ఆగలేదు. జాంబేజియా, నంపులా రాష్ట్రాల్లో చిన్న కమతాల్లో కంది వేసుకున్నవాళ్లకు ధర నిలువునా కూలింది. అక్కడ కందిని ఇంట్లో వండుకునేది తక్కువ, పండిందంతా దాదాపు మన కోసమే. టాంజానియా, మలావీ రైతులకు అప్పటికి ఒప్పందపు అండ కూడా లేదు. అంటే కొద్ది నెలల తేడాలో జనగామ రైతూ నంపులా రైతూ ఒకే పంట మీద దెబ్బతిన్నారు. ఉభయతారకమని రాసుకున్న ఒప్పందం అమల్లో ఉండగానే ఇది జరిగింది.

ఆఫ్రికా అభివృద్ధిలో బహుపాక్షిక సహకారం, దౌత్యం ఏం సాధించాయన్న చర్చ సాధారణంగా జెనీవా, న్యూయార్క్, అడిస్ అబాబాల చుట్టూ తిరుగుతుంది. దాన్ని జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు నుంచి చూస్తే ఏం కనిపిస్తుందన్నదే ఈ వ్యాసం. ఇక్కడ పండే పత్తి, కంది, వరి, మిరపల్లో మూడు ఆఫ్రికాతో బేరాల్లోనో వాదాల్లోనో నేరుగా ఉన్నాయి, నాలుగోది ఒకే ప్రమాణాల గేటు ముందు ఆఫ్రికాతో కలిసి నిలబడింది. చూసినంత మేరకు నాకు తేలింది ఇది: విత్తనం, మందు, పనితనం పంచుకున్న చోట ఈ సహకారం దశాబ్దాలు నిలిచింది, రెండు వైపులా మిగిల్చింది. ధర, కొనుగోలు దగ్గరికి వచ్చేసరికి ఇంట్లో ఎన్నికలో కరువో రాగానే మాట తప్పింది. మాట తప్పినవాళ్లలో అమెరికా, యూరప్‌లతో పాటు మనమూ ఉన్నాం.

పైస్థాయి చరిత్రను ఇక్కడ తొందరగా దాటేయొచ్చు. 1955 బాండుంగ్ సమావేశం, ఆ తర్వాత అలీనోద్యమం, 1964 సెప్టెంబరు 15న మన విదేశాంగ శాఖ మొదలుపెట్టిన ఐటెక్ శిక్షణ పథకం, 2008లో ఢిల్లీలో తొలి భారత్–ఆఫ్రికా శిఖరాగ్ర సభ, 2011లో అడిస్ అబాబాలో రెండోది, 2015లో మళ్లీ ఢిల్లీలో మూడోది. ఆ మూడో సభలో వెయ్యి కోట్ల డాలర్ల సులభ రుణాలు, 60 కోట్ల డాలర్ల గ్రాంటు, 50 వేల స్కాలర్‌షిప్‌లు ప్రకటించారు. 2023 సెప్టెంబరు 9న ఆఫ్రికా సమాఖ్య జీ-20లో శాశ్వత సభ్యురాలైంది. దానికి మూడు నెలల ముందు జీ-20 వ్యవసాయ మంత్రులు హైదరాబాదులో కూడి ఆహార భద్రత మీద దక్కన్ సూత్రాలను ఆమోదించారు. ఆఫ్రికా దేశాలు తమకు తాము పెట్టుకున్న గురి ఒకటి వీటన్నిటికంటే ముఖ్యం: 2003 మపూటో ప్రకటనలో బడ్జెట్‌లో పదో వంతు సాగుకు పెడతామన్నారు. ఎక్కువ దేశాలు దాన్ని అందుకోలేదు. పండించేవాడి మీద స్వదేశమే ఖర్చు పెట్టని చోట దాతలు ఎంత పెట్టినా అది చేనుదాకా పారదు. ఈ మాట ఆఫ్రికాకే కాదు, మనకూ వర్తిస్తుంది.

విత్తనం కథకు వస్తే, హైదరాబాదు నుంచి ముంబై రోడ్డెక్కి పటాన్‌చెరు దాటినవారెవరికైనా అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ గోడ తెలుసు. 1971లో ప్రపంచ బ్యాంకు, ఎఫ్‌ఏవో, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ కలిసి, ఫోర్డ్, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ల చొరవతో, అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధన కూటమిని పెట్టాయి. మరుసటి ఏడు, 1972లో, మెట్ట పంటల కోసం ఆ కూటమి పటాన్‌చెరును ఎంచుకుంది. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సుమారు 1,400 హెక్టార్ల భూమి సేకరించి ఇచ్చింది. ఎర్ర నేల, నల్లరేగడి రెండూ ఒకే ఆవరణలో ఉండటం ఆ చోటుకున్న పెద్ద ఆకర్షణ. జనగామ చెలకలకూ ఆఫ్రికా మెట్టలకూ ఒకే చోట ప్రయోగం చేయొచ్చన్నమాట. ఐక్యరాజ్యసమితి సంస్థలకుండే రక్షణలను మన ప్రభుత్వం దానికీ ఇచ్చింది. తర్వాత అది నైజర్‌లో నియామే దగ్గర, మాలీలో బమాకో, కెన్యాలో నైరోబీ, మలావీలో చిటెడ్జె, జింబాబ్వేలో బులవాయో ప్రాంతాల్లో కేంద్రాలు తెరిచింది.

ఈ పంటల పుట్టుక కథే మొదటినుంచీ రెండు ఖండాలది. జొన్న, సజ్జ, తైదలు, బొబ్బర్లు, ఆముదం ఆఫ్రికాలో పుట్టి వేల ఏళ్ల కిందటే మన చేలల్లోకి వచ్చినవి. కంది మాత్రం ఇక్కడ పుట్టి అక్కడికి పోయింది. పటాన్‌చెరు చేసింది ఆ పాత రాకపోకలకు ఒక ప్రయోగశాల, ఒక విత్తన నిధి ఇవ్వడమే. ఆ నిధిలో ఇప్పుడు లక్షా ఇరవై వేలకు పైగా నమూనాలున్నాయి.

ఒక్క సజ్జ కథ చూద్దాం. ఉత్తర టోగోలో ఇనియాడి అనే నాటు సజ్జ ఉంది, గింజ లావు, తొందరగా కోతకొస్తుంది. దాంట్లోంచి పటాన్‌చెరులో ఎంపిక చేసిన ఐసీటీపీ 8203 రకాన్ని 1988లో మహారాష్ట్రకూ ఆంధ్రప్రదేశ్‌కూ విడుదల చేశారు. మహారాష్ట్ర కరువు తాలూకాల్లో అది బాగా పాకింది. దాన్నే ఇంకా మెరుగుపరిచి ఇనుము ఎక్కువుండే ధనశక్తి రకాన్ని తెచ్చారు. అదే ఇనియాడి వంశం నుంచి వచ్చిన మరో రకం ఒకషానా-1 పేరుతో 1990 ప్రాంతంలో నమీబియాకు వెళ్లింది. కొత్తగా స్వతంత్రమైన దేశం అది. యుద్ధంతో చితికిన ఉత్తర ప్రాంతాల్లో రైతులు దాన్ని అందిపుచ్చుకున్నారు. టోగో రైతమ్మలు తరతరాలుగా ఎంచి దాచుకున్న గింజ తెలంగాణ మీదుగా మహారాష్ట్రకు, నమీబియాకు అందింది. ఎవరికి ఎవరు సాయం చేసినట్టు? దాత, గ్రహీత అన్న లెక్క ఇక్కడ పనికిరాదు.

జొన్నలోనూ ఇలాంటిదే జరిగింది. పటాన్‌చెరు సంకరాల్లోంచి తేలిన ఎస్-35 రకాన్ని 1986లో కామెరూన్, 1989లో చాద్ విడుదల చేశాయి. వానలు ముందే ఆగిపోయే సహెల్ అంచుల్లో అది పనికొచ్చింది. కందికి ఎండు తెగులు పెద్ద శాపం. ఆ తెగులును తట్టుకునే మారుతి రకం 1980ల్లో కర్ణాటక నుంచి తెలంగాణ దాకా విస్తరించింది. అదే తెగులును తట్టుకునే రకాలను నైరోబీ కేంద్రం తూర్పు ఆఫ్రికాకు తయారు చేసింది. ఇక్కడే ఒక చేదు నిజం ఉంది. ఆఫ్రికాలో కంది దిగుబడి పెరగడానికి మన నేలమీది సంస్థే సాయపడింది, ఆ పెరిగిన పంటే తర్వాత మన యార్డు ధరను కదిపింది. దానికి శాస్త్రవేత్తల్ని తప్పుపట్టలేం. పంట పెంచే దౌత్యానికి ఉన్న సంస్థ, ఓపిక, యాభై ఏళ్ల కొనసాగింపు పంట అమ్మే దౌత్యానికి లేవు. విత్తనానికి పటాన్‌చెరు ఉంది, ధరకు అలాంటి చిరునామా లేదు.

పత్తి దగ్గర ఈ లోటు ఇంకా బాగా కనిపిస్తుంది. భూపాలపల్లి నుంచి జనగామ దాకా పత్తే ప్రధాన వాణిజ్య పంట, వరంగల్ ఎనుమాముల మార్కెట్ దాని గుండెకాయ. పశ్చిమ, మధ్య ఆఫ్రికాల్లో బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలీ దేశాలకూ అంతే, విదేశీ మారకానికి పత్తి ఒక పెద్ద ఆధారం. 2000ల మొదట్లో దాదాపు 25 వేల మంది అమెరికన్ పత్తి రైతులకు అక్కడి ప్రభుత్వం ఏటా వందల కోట్ల డాలర్లు ఇచ్చేది. దాంతో ప్రపంచ ధర అణిగి ఉండేది. 2003లో ఈ నాలుగు దేశాలూ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థ ముందు పత్తి సమస్యను విడిగా పెట్టాయి. ప్రపంచంలో అత్యంత పేద దేశాల్లో కొన్ని చేరి, దానం అడగకుండా, ఆట నియమాలు మార్చమన్న అరుదైన సందర్భం అది. ఆ ఏడు సెప్టెంబరులో కాన్‌కూన్ మంత్రుల సభ కుప్పకూలడానికి ఉన్న కారణాల్లో పత్తి ఒకటి.

అదే సమయంలో బ్రెజిల్ వేరే దారి పట్టింది. అమెరికా సబ్సిడీల మీద వ్యాజ్యం వేసి 2005లో గెలిచింది. బెనిన్, చాద్, భారత్ కూడా ఆ వ్యాజ్యంలో మూడో పక్షాలుగా కూర్చున్నాయి. చివరికి 2014లో అమెరికా 30 కోట్ల డాలర్లు కట్టి రాజీపడింది, ఆ డబ్బు బ్రెజిల్‌కు. బెనిన్‌కు, చాద్‌కు పరిహారం రాలేదు. వ్యాజ్యం నడిపే స్తోమత, ఎదురు సుంకాలు వేసి బెదిరించగల మార్కెట్ ఉన్నవాడికే బహుపాక్షిక న్యాయం అందిందని దీని అర్థం. 2015 నైరోబీ సభలో ఎగుమతి సబ్సిడీల రద్దుకు ఒప్పుకున్నారు, పత్తికి దాన్ని ముందే అమలు చేస్తామన్నారు. అసలు గాయం చేసే దేశీయ సబ్సిడీ మాత్రం చర్చల్లోనే మిగిలింది.

మన పాత్ర ఇందులో తేలిగ్గా తేలేది కాదు. 2008 సభలో మన దేశం అత్యంత వెనుకబడిన దేశాల సరుకుకు సుంకం లేని ప్రవేశం ప్రకటించింది, పత్తి అందులో ఉంది. 2012 నుంచి ఆ నాలుగు పత్తి దేశాలతో పాటు నైజీరియా, ఉగాండా, మలావీలకూ సాంకేతిక సాయం చేపట్టింది. మరోవైపు 2018లో అమెరికా మన పత్తి మద్దతు ధర మీదే జెనీవాలో ఆక్షేపణ నమోదు చేసింది, మీరు చెప్పిన లెక్కకంటే మీ సాయం ఎక్కువని. జిన్నింగ్ మిల్లులో భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనుగోలు ఇక్కడి రైతుకు ఊపిరి. జెనీవా భాషలో అది వాణిజ్యాన్ని వంకర చేసే మద్దతు. ఆఫ్రికా నాలుగు దేశాల వాళ్లకు దాన్ని చూస్తే ఏమనిపిస్తుందో ఊహించుకోవచ్చు. వాళ్లకలాంటి సీసీఐని నిలబెట్టే ఖజానా లేదు. ఇక 2025 ఆగస్టులో కేంద్రం పత్తి మీది 11 శాతం దిగుమతి సుంకాన్ని ఎత్తేసి, ఆ మినహాయింపును డిసెంబరు చివరిదాకా పొడిగించింది. సరిగ్గా తెలంగాణలో పత్తి ఏరే నెలలవి. అమెరికా సుంకాల దెబ్బ తిన్న వస్త్ర పరిశ్రమకు అది ఊరట. దాని ఖర్చు ఎవరి మీద పడిందో పత్తి రైతునడిగితే తెలుస్తుంది.

పత్తిలో ప్రభుత్వాల దౌత్యం పక్కన పల్లె మనుషుల దౌత్యం కూడా ఒకటి నడిచింది. 1997-98లో పురుగుకు పంట పోయి, అప్పులతో వరంగల్ పత్తి రైతులు పురుగుమందే తాగి చనిపోయిన విషాదం దేశాన్ని కదిలించింది. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. జహీరాబాద్ దగ్గరి దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో కెమెరా నేర్చుకున్న దళిత మహిళా రైతులు వరంగల్ పల్లెలకు వచ్చి, బీటీ పత్తి మీద ఇక్కడి రైతుల కోపాన్ని చిత్రించారు. తర్వాత అదే బృందం దక్షిణాఫ్రికాకు, మాలీకి, ఇండోనేషియాకు వెళ్లి అక్కడి పత్తి రైతులతో మాట్లాడి మరో చిత్రం తీసింది. వాళ్ల తీర్పుతో ఏకీభవించనివారు ఉన్నారు, ఉంటారు. బీటీని వదలని తెలంగాణ రైతులే ఎక్కువ. కానీ బుర్కినా ఫాసో 2008లో తెచ్చుకున్న బీటీ పత్తిని పింజ పొట్టిదైపోయి ధర పడుతోందని 2016 నాటికి వదిలేసింది. చదువు రాని పల్లె మహిళలు ఒక ఖండం దాటి వెళ్లి ఆరా తీయడాన్ని దౌత్యమనడానికి నాకు అభ్యంతరం లేదు.

వరి సంగతికి వద్దాం, ఎందుకంటే ఇది కందికి అద్దంలో బొమ్మ. యాసంగి వడ్లు మర పట్టిస్తే నూక ఎక్కువవుతుంది, అందుకే ఉప్పుడు బియ్యం చేస్తారు. 2021-22లో ఉప్పుడు బియ్యం ఇక తీసుకోబోమని కేంద్రం అనడంతో రాష్ట్రానికీ కేంద్రానికీ రాజుకుంది, 2022 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వమే ఢిల్లీలో ధర్నాకు కూర్చుంది. ఆ గొడవలో తక్కువగా వినిపించిన మాట, మన ఉప్పుడు బియ్యానికి ప్రపంచంలో పెద్ద గిరాకీ పశ్చిమ ఆఫ్రికాలో ఉందన్నది. బెనిన్, టోగో, గినీ, ఐవరీ కోస్ట్ దేశాలు దాన్ని కొంటాయి. కాకినాడ రేవు నుంచి పోయే బియ్యపు బస్తాల్లో పెద్ద భాగం అటే పోతుంది. 2024 నవంబరులో రేషన్ బియ్యం దొరికాయని ఆంధ్రప్రదేశ్ అంతా మారుమోగిన ఓడ కూడా పశ్చిమ ఆఫ్రికాకు పోవాల్సిందే.

అంతలో ఏమైంది? 2022 సెప్టెంబరులో నూకల ఎగుమతి, 2023 జులై 20న తెల్ల బియ్యం ఎగుమతి నిషేధించాం. ఆగస్టులో ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం వేశాం. తెల్ల బియ్యం నిషేధం, ఉప్పుడు బియ్యం సుంకం 2024 శరదృతువులో గానీ తొలగలేదు, నూకల నిషేధం 2025 మార్చి దాకా సాగింది. సెనెగల్‌లో నూక బియ్యం పేదల రోజువారీ తిండి. యుక్రెయిన్ యుద్ధంతో గోధుమ, ఎరువుల ధరలు మండుతున్న కాలంలో మన నిర్ణయం అక్కడి గిన్నెల మీద పడింది. ఏ దేశమడిగితే ఆ దేశానికి ప్రభుత్వ స్థాయిలో కొంత కేటాయిస్తామన్నాం, ఇచ్చాం కూడా. అయితే ఇది దయగా మారింది, మాటగా మిగల్లేదు. ఆ నెలల్లోనే జీ-20లో ఆఫ్రికా సమాఖ్యకు కుర్చీ వేయించిన ఘనత మనది. రెండూ నిజమే.

మిరప గురించి చెప్పకుండా మహబూబాబాద్‌ను దాటలేం. మిరపకూ పల్లికీ ఒకే శత్రువు ఉంది: తడిలో ఆరబెట్టినా, తేమతో నిల్వ చేసినా పుట్టే బూజు, దాని విషం అఫ్లటాక్సిన్. కాలేయానికి హాని చేసేది. కంటికి కనిపించదు, కాబట్టి పరీక్ష లేనిదే కొనేవాడు నమ్మడు. పటాన్‌చెరులో తయారైన చవక పరీక్ష పద్ధతి మలావీ చిన్నరైతుల సంఘం నాస్‌ఫామ్‌కు చేరి, వాళ్ల పల్లీలు మళ్లీ ఐరోపాకు వెళ్లే దారి వేసింది. ఇక్కడ ప్రమాణాల రాజకీయం కూడా చూడాలి. ఐరోపా సమాఖ్య తన హద్దును అంతర్జాతీయ ప్రమాణంకంటే బిగించినప్పుడు, 2001లో ప్రపంచ బ్యాంకు ఆర్థికవేత్తలు ఒక అంచనా వేశారు. ఆ బిగింపు వల్ల ఆఫ్రికాకు ఏటా 67 కోట్ల డాలర్ల ఎగుమతి నష్టం, ఐరోపాలో తగ్గే మరణాలు నూరు కోట్ల మందికి ఏడాదికి ఒకటిన్నర లోపు. ఆ అంకెల మీద తర్వాత వాదాలు జరిగాయి గానీ ప్రశ్న చావలేదు. ఎవరి జాగ్రత్తకు ఎవరు మూల్యం చెల్లిస్తున్నారు?

ఈ విషయంలో మన దేశం ఒక మంచి పని చేసింది. ఎఫ్‌ఏవో, ప్రపంచ ఆరోగ్య సంస్థల ఉమ్మడి కోడెక్స్ కింద సుగంధ ద్రవ్యాలకు ప్రత్యేక కమిటీ పెట్టించి, 2014 నుంచి దాన్ని మన స్పైసెస్ బోర్డే నిర్వహిస్తోంది. ఎండుమిరపకు ప్రపంచ ప్రమాణం రాసే బల్ల దగ్గర మనకూ, ఆఫ్రికా దేశాలకూ కుర్చీ ఉంది. కళ్లాల్లో టార్పాలిన్ కూడా లేక నేల మీద మిరప ఆరబోసే రైతుకు ఆ బల్ల దగ్గరి మాట చేరాల్సి ఉంది.

మందుల విషయంలో తెలంగాణ గర్వపడొచ్చు, కొంచెం ఆలోచించాలి కూడా. ఎయిడ్స్ మందుల ధర దించడంలో మన కంపెనీలది పెద్ద చెయ్యి. 2017 సెప్టెంబరులో దక్షిణాఫ్రికా, కెన్యా ప్రభుత్వాలు, యూఎన్‌ఎయిడ్స్, గ్లోబల్ ఫండ్ వంటివి కలిసి కుదిర్చిన ఒప్పందంలో హైదరాబాదు అరబిందో ఒక పక్షం. కొత్త మూడు మందుల మాత్ర ఒక మనిషికి ఏడాదికి 75 డాలర్లు మించకుండా అందులో హామీ ఇచ్చారు. 2017 డిసెంబరు చివర్లో భారత్ బయోటెక్ టైఫాయిడ్ టీకా ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందింది. హరారేలో టైఫాయిడ్ ప్రబలినప్పుడు అంతర్జాతీయ టీకాల కూటమి గావి డబ్బుతో 2019లో వేసింది దాన్నే. 2021లో జింబాబ్వే పిల్లలందరి టీకాల పట్టికలో టైఫాయిడ్ టీకాను చేర్చింది, ఆఫ్రికాలో అలా చేసిన మొదటి దేశాల్లో అది ఒకటి. కలరాకు శాంతా బయోటెక్నిక్స్ చేసిన షాంకోల్ 2012లో గినీలో మహమ్మారి మధ్యలో పనిచేసి, తర్వాతి ఏడు ప్రపంచ అత్యవసర నిల్వకు పునాది అయింది. కానీ శాంతాను కొన్న ఫ్రెంచి కంపెనీ 2023 చివరికల్లా షాంకోల్ సరఫరా ఆపేసింది. సరిగ్గా అప్పుడే ఆఫ్రికాలో కలరా విజృంభించి టీకా కరువైంది. బహుపాక్షిక వ్యవస్థ ఎంత బాగా కొన్నా, ఎక్కడ తయారు చేయాలో, ఎప్పుడు ఆపాలో నిర్ణయించే అధికారం దానికి లేదు. ఆఫ్రికా దేశాలు తమ గడ్డ మీదే టీకా ఫ్యాక్టరీలు కావాలని పట్టుబట్టడంలో న్యాయం ఉంది, అది మన కంపెనీల వ్యాపారానికి కొంత నష్టమైనా సరే.

పనితనం పంచుకోవడం సంగతికొస్తే, రాజేంద్రనగర్ జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థకు, యూసుఫ్‌గూడ చిన్న పరిశ్రమల సంస్థకు ఐటెక్ కింద ఆఫ్రికా అధికారులు దశాబ్దాలుగా వస్తున్నారు. వాళ్లకు చూపించడానికి మన దగ్గరున్న వాటిలో మహిళా సంఘాలు ముఖ్యమైనవి. వీటికి ప్రపంచ బ్యాంకు రుణం తోడైంది. 2000లో ఆరు జిల్లాల్లో మొదలై, 2003 రెండో విడతలో వరంగల్‌తో సహా మిగతా గ్రామీణ జిల్లాలకు పాకిన వెలుగు, తర్వాత ఇందిరా క్రాంతి పథం అదే. అదే బ్యాంకు, ఆ రోజుల్లోనే, కరెంటు సంస్కరణలకు కూడా రుణమిచ్చింది. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కరెంటు ఛార్జీల పెంపును నిరసించినవారి మీద పోలీసు కాల్పులు జరిగాయి. 1980ల నుంచి ఘనా, జాంబియా లాంటి దేశాలు అనుభవించిన షరతుల రుణాల రుచి మన రాష్ట్రం కూడా చూసింది. ఒకే సంస్థ ఇచ్చిన రెండు అప్పుల్లో ఒకటి పల్లెల్లో వేళ్లూనడానికి, ఇంకోటి వీధిలో రక్తం చిందించడానికి తేడా ఏమిటంటే, మొదటిదాన్ని నడిపింది ఊరి ఆడవాళ్లు. షరతు రాసినవాడు వేరే చోట కూర్చోలేదు.

జనగామ జిల్లా లింగాల ఘన్‌పూర్ మండలంలో ఏనబావి ఉంది. 2000ల నడుమ ఆ చిన్న ఊరి రైతులంతా కలిసి పురుగుమందులు, రసాయన ఎరువులు వదిలేశారు. జనగామలోని క్రాప్స్ సంస్థ వాళ్ల వెంట ఉంది. అదే బాటలో ఆంధ్రప్రదేశ్‌లో పెద్దదిగా ఎదిగిన ప్రకృతి సాగు ఉద్యమానికి 2024లో గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. దాన్ని పంచుకున్నవారిలో ఈజిప్టు ఎడారి అంచున పని చేసే సెకెమ్ సంస్థ ఒకటి. ఏనబావి పద్ధతి ప్రతి ఊరికీ సరిపోతుందని నేననను. దిగుబడి, కూలీ లెక్కలు ఊరూరికీ మారతాయి. కానీ ఆఫ్రికా నుంచి వచ్చే అధికారిని సెమినారు హాల్లో కూర్చోబెట్టే బదులు ఏనబావి చేను గట్టు మీద ఒక పూట నిలబెడితే ఎక్కువ నేర్చుకుంటాడు.

ఒక చిన్న పక్క సంగతి. 2021 జులై 25న పాలంపేట రామప్ప గుడికి ప్రపంచ వారసత్వ హోదా దక్కింది. ములుగు జిల్లా 2019లో విడిపోయేదాకా పాలంపేట భూపాలపల్లి జిల్లాలోదే. నిపుణుల సంస్థ ఇంకా కొన్ని లోపాలున్నాయన్నా, రష్యా చొరవతో కమిటీ సభ్యులు దాన్ని ఆమోదించారు. ఆ 21 దేశాల కమిటీలో ఆరు ఆఫ్రికావి: ఈజిప్టు, ఇథియోపియా, మాలీ, నైజీరియా, దక్షిణాఫ్రికా, ఉగాండా. ఇలాంటి వేదికల్లో ఓట్లు ఊరికే రావు, ఏళ్ల తరబడి పెంచుకున్న సంబంధాల వల్ల వస్తాయి. మనకు గుడి గుర్తింపు దగ్గర ఆఫ్రికా అవసరమైంది, ఆ దేశాలకు కంది, బియ్యం, పత్తి దగ్గర మనం అవసరం.

ఇప్పుడు పరిస్థితి బిగుసుకుంటోంది. 2025 జులై 1తో అమెరికా యూఎస్‌ఎయిడ్ మూతపడింది. ఐరోపా దాతలు ఆయుధాల ఖర్చుకు డబ్బు మళ్లిస్తున్నారు. విత్తనం, టీకా, శిక్షణ వంటి నిలిచిన పనులకే ముందు కోత పడే ప్రమాదం ఉంది, ఎందుకంటే వాటి ఫలితం పదేళ్లకు గానీ కనబడదు. ఈ ఖాళీని చైనా నింపుతుందా, మనం నింపుతామా అని పోటీ లెక్కలు వేయడం ఢిల్లీ పత్రికలకు ఇష్టమైన పని. పటాన్‌చెరుకు మన బడ్జెట్ నుంచి ఎంత పెంచుతాం అన్నది ఇంతకంటే పనికొచ్చే ప్రశ్న.

అసలు చిక్కు కందిలోనే ఉంది. 2021లో మొజాంబిక్ ఒప్పందాన్ని ఏటా రెండు లక్షల టన్నులతో 2025-26 దాకా పొడిగించారు, మలావీతో ఏటా 50 వేల టన్నులకు కొత్తది రాసుకున్నారు. మరోపక్క 2025 అక్టోబరులో కేంద్రం 11,440 కోట్ల రూపాయలతో పప్పుధాన్యాల స్వావలంబన పథకం మొదలుపెట్టింది, కంది, మినుము, మసూరు పండించే రైతుల నుంచి నాలుగేళ్లపాటు మద్దతు ధరకు మొత్తం కొంటామంది. 2025-26కు కంది మద్దతు ధర 8,000 రూపాయలు. జనగామ, మహబూబాబాద్ రైతులకు ఇది కావాల్సిందే, మాట నిలబెడితే. కానీ మన పథకం గెలిస్తే, మన కోసమే కంది వేసుకున్న నంపులా రైతుకు మనం ఏం చెబుతాం? 2017లోలాగా ఒక రాత్రి నోటిఫికేషనా?

కొత్త ఒప్పందం రాసేటప్పుడు మూడు మాటలు చేర్చమని అడగొచ్చు. కొనుగోలు తగ్గించాలనుకుంటే రెండు పంటకాలాల ముందే చెప్పాలి, విత్తనం వేసే ముందే అక్కడి రైతుకు తెలియాలి. పప్పు మిల్లులు అక్కడే పెట్టడానికి సాయం చేయాలి, గింజగా కాకుండా పప్పుగా అమ్ముకుంటే కెన్యా, టాంజానియా పట్టణాల్లోనూ, ఆఫ్రికా ఉమ్మడి వాణిజ్య ప్రాంతంలోనూ వేరే కొనుగోలుదార్లు దొరుకుతారు. ఇక మన రేవుకొచ్చే ఒప్పందపు కంది నేరుగా సర్కారు నిల్వకు పోవాలి, డిసెంబరు నుంచి మార్చి దాకా, మన యార్డుల్లో కంది అమ్ముడయ్యే నాలుగు నెలలు, దాన్ని మిల్లులకు వదలకూడదు.